చెట్టుతో పాటు చిట్టా
కొండవార పట్టా భూములలో ఎర్రచందనపు తోటల పోషణ

కడప నుండి రాజంపేటకు పోవు రోడ్డులో ఒంటిమిట్ట దాటు ప్రతివానికి కోదండరామస్వామి ఆలయ గోపురములతో పాటు చుట్టుప్రక్కల కొండల వరుసలు కనిపించును. ఎర్రచందనము ప్రపంచమంతటిలోను సహజముగా పెరుగు తావు ఈ కొండల సీమయే. పాలకొండలు, శేషాచలము, వెలిగొండలు, లంకమల, నల్లమల దక్షిణపు అంచు: తూర్పు కనుమలలోని ఈ కొద్ది భాగమును దాటినచో, మనుష్యుడు నాటిన చోటులందు తప్ప ఈ చెట్టు కానరాదు. ఇంతటి విలువగల చెట్టును మన కొండవార రైతు తన సొంత పట్టా భూమిలో పెంచుకొనవచ్చును. పెంచుచున్నవారును ఉన్నారు.

అయినను చాలమంది రైతులు ఒక విషయమును మరచుచున్నారు. ఎర్రచందనమును నాటుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. కాని దానిని కొట్టుటకు, నిలువ చేయుటకు, ఊరు దాటించుటకు అనుమతి కావలెను. కనుక ఇరువది, ముప్పది సంవత్సరములు బిడ్డవలె సాకిన చెట్టు, అది తన భూమిలోనిదే, తాను నాటినదే అని చూపు ఆధారము లేనిచో రైతుకు ధనము కాదు, చిక్కు అగును. చెట్టు పెంచుట సగము పని. దాని చిట్టా పెంచుట మిగిలిన సగము. ఈ వ్యాసములో ఆ రెండు పనులను గూర్చియు తెలిసికొందము.

ఏ భూమికి ఏ చెట్టు

కడప జిల్లాలో ఏటి వర్షపాతము సుమారు 700 మిల్లీమీటర్లు. అదియు కొన్ని నాళ్లలో కురిసి పోవును. కొండ వాలున చెట్టు, పొద, ఆకుదుబ్బు ఉన్నచో ఆ నీరు నెమ్మదిగా ఇంకి దిగువ బావులకు చేరును. వాలు బోడిగా ఉన్నచో మట్టిని కోసికొనిపోయి చెరువును పూడ్చును. కావున గులకరాతి చేనులో చెట్లు పెంచు రైతు తన ఆస్తిని పెంచుకొనుటయే గాక, దిగువ రైతు బావికి కూడ మేలు చేయుచున్నాడు.

ఎర్రచందనము పలుగురాతి, పలకరాతి వాలులలో, నీరు నిలువని ఎర్ర గరప నేలలలో బాగుగా వచ్చును. నల్లరేగడిలో, నీరు నిలుచు పల్లములో పెట్టరాదు. వేరు కుళ్లి చెట్టు చచ్చును. దీనికి ఎండ కావలెను. పెద్ద చెట్ల నీడన నాటిన మొక్క సన్నగిల్లి వంకర పోవును.

ఉన్న భూమినంతటిని ఎర్రచందనముతోనే నింపుట మంచిది కాదు. ముప్పది ఏండ్ల వరకు రూకయు రాని తోటను సామాన్య రైతు ఓపలేడు. మూడెకరములు గల రైతు ఎకరము, ఎకరమున్నరలో ఎర్రచందనము పెట్టి, మిగిలిన దానిలో మామిడి, చింత, నేరేడు, సీతాఫలము వంటి ఫలవృక్షములను, గట్లపై వేప, కానుగలను పెంచుట మేలు. ఫలవృక్షములు ఏటేట కొంత ఇచ్చుచుండగా చందనము తన చేవను తాను కట్టుకొనును.

భూమిలో ఇదివరకే చిరుమాను, నల్లమద్ది, ఏగి, తునికి, బిల్లుడు వంటి అడవి చెట్లున్నచో వాటిని నరికి చదును చేయవద్దు. సందులున్న చోట మాత్రమే క్రొత్త మొక్కలు నాటుడు. చిట్టడవిని పనికిరాని పొదయని తలచుటయు పొరపాటు. 1900 తరువాత కనిపించక అంతరించినదని ప్రపంచము తలచిన కలివికోడి, 1986లో మన లంకమల దాపున నున్న చిట్టడవిలోనే మరల కనబడినది. ఆ పక్షి కొరకే అచ్చట శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. పొదలు మట్టిని పట్టుకొనును, పిట్టలకు నీడనిచ్చును, ఆ పిట్టలు పురుగులను తినును.

విత్తనము, నారు

ఎర్రచందనము ఏప్రిల్, మే నెలలలో పూచును. కాయ గుండ్రముగా, చుట్టును రెక్కవంటి అంచుతో ఉండును. మరుసటి సంవత్సరము ఫిబ్రవరి, మార్చి నాటికి ముదురును. నిటారుగా, లావుగా, తెగులు లేకుండ ఎదిగిన చెట్ల నుండియే కాయలు తీసికొనవలెను. రిజర్వు అడవిలో అనుమతి లేక కాయలు ఏరరాదు.

కాయ అంచులను కత్తిరించి, మూడు దినములు చన్నీటిలో నానవేయవలెను. నీటిని దినమునకొకసారి మార్చవలెను. తరువాత ఇసుక కలిపిన నారుమడిలో పరచి, పలుచగా మట్టి కప్పి, గడ్డి పరచి తడుపుచుండవలెను. మొలకలు అన్నియు ఒక్కసారి రావు. కొన్ని పదునైదు దినములకు, కొన్ని నెలన్నరకు వచ్చును. చల్లిన కాయలలో సగము మొలచినను మంచిదే అనుకొనవలెను. మొలకకు నాలుగాకులు వచ్చిన పిమ్మట ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు నింపిన పాలిథీన్ సంచులలోనికి మార్చవలెను. ఏడాది వయసు మొక్క నాటుటకు అనువైనది.

నారు పెంచు ఓపిక లేనివారు అటవీశాఖ నర్సరీలోగాని నమ్మకమైన ఇతర నర్సరీలోగాని మొక్కలు కొనవచ్చును. కొన్నప్పుడు రసీదు తప్పక తీసికొనుడు. తేది, మొక్కల సంఖ్య, జాతి పేరు దానిపై వ్రాయించుడు. ఆ చిన్న కాగితమే రేపు ఈ చెట్లు అడవివి కావు, నాటినవి అనుటకు మీ మొదటి సాక్షి.

నాటుట

వేసవిలోనే 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు గల గుంతలు త్రవ్వి ఎండనీయవలెను. వానలు పడగానే పైమట్టితో పశువుల ఎరువు కలిపి గుంత నింపి మొక్క నాటవలెను. వరుసకు వరుసకు, మొక్కకు మొక్కకు 4 మీటర్ల దూరమున్నచో ఎకరమునకు సుమారు 250 మొక్కలు పట్టును. దగ్గరగా నాటి ఎక్కువ లెక్క చూపుకొనుటలో లాభము లేదు. వాలు భూమిలో వరుసలు వాలునకు అడ్డముగా ఉండవలెను. ప్రతి మొక్కకు దిగువ వైపున అర్ధచంద్రాకారముగా చిన్న కట్ట వేసినచో వాననీరు మొదటనే ఇంకును.

మొదటి మూడు, నాలుగేండ్లు వరుసల నడుమ ఉలవ, పెసర, కంది, వేరుశనగ వంటి మెట్టపైరులు వేసికొనవచ్చును. కలుపు తీయుట, దున్నుట ఆ పైరు ఖర్చులోనే సాగిపోవును. మొదటి రెండు, మూడు వేసవులలో వారమునకొకసారి మొక్కకు బిందెడు నీరు పోసిన చాలును. బిందుసేద్యము గలవారు ఆ మేరకే ఇవ్వవలెను.

మీ భూమి రిజర్వు అడవికి ఆనుకొని ఉన్నచో అటవీ సరిహద్దు రాళ్ల వరకు నాటవద్దు. నడుమ ఒక బండిబాట వెడల్పు వదలుడు. ఏ చెట్టు మీది, ఏ చెట్టు అడవిది అను తగవు పుట్టక ముందే పోవును. ఆ బాట నిప్పును ఆపుటకును పనికివచ్చును.

చేవ కట్టు వరకు

ఎర్రచందనములో విలువ అంతయు ఎర్రని చేవదే. బయటి తెల్లచెక్కకు విలువ లేదు. లేతచెట్టులో తెల్లచెక్కయే ఎక్కువ. ఏండ్లు గడచిన కొలది లోపల చేవ పెరుగును. చేవ గట్టిన దుంగ నీటిలో మునుగునంత బరువుగా నుండును. ఎక్కువ నీరు, ఎక్కువ ఎరువు ఇచ్చి పెంచిన చెట్టు చూచుటకు త్వరగా లావెక్కును గాని, చేవ అంత త్వరగా కట్టదని అనుభవజ్ఞులు చెప్పుదురు. పది, పదునైదేండ్లకే చెట్టొక్కటికి లక్షలు వచ్చునని చెప్పి మొక్కలమ్ము వారి మాటలకు మోసపోవద్దు. ఇరువది అయిదు, ముప్పది ఏండ్లకు తక్కువ గడువు పెట్టుకొనవద్దు. మీరు నాటిన చెట్టు మీ పిల్లలకు అక్కరకు వచ్చునని తలచి మొదలుపెట్టుడు.

కొన్ని దుంగలలో అలల వంటి చార ఉండును. వాద్యములు, వన్నె సామానులు చేయువారు దానినే ఎక్కువ ధరకు కొందురు. నాటిన ప్రతి మొక్కకును ఆ చార వచ్చునని ఎవ్వరును పూచీ ఇయ్యలేరు. “అలల చందనము మొక్కలు” అని ఎక్కువ ధర అడుగువారిని నమ్మవద్దు.

మొక్క నిటారుగా పెరుగుటకు మొదటి అయిదారేండ్లు ప్రక్క కొమ్మలను చలికాలమున పదునైన కత్తితో, మొదలు ఒరయకుండ కోయవలెను. చెట్టు ఎత్తులో మూడవ వంతుకు మించి కొమ్మలు తీయరాదు. పదేండ్లు దాటిన పిమ్మట తలలు ఒకదానినొకటి తాకుచున్నచో వంకరవి, తెగులువి, సన్ననివి తీసివేసి మంచివానికి చోటు చేయవలెను. ఇది చాల ముఖ్యము: ఈ పలుచన చేయుటకు కూడ అటవీశాఖ అనుమతి కావలెను. గాలికి పడిన చెట్టునైనను మీ అంతట మీరు ముక్కలు చేసి ఇంటికి చేర్చవద్దు. పడినదానిని పడినట్లే ఉంచి, ఫోటో తీసి, బీటు అధికారికి తెలియజేయుడు.

కొట్టిన మొదలు నుండి ఎర్రచందనము మరల చిగుర్చును. నేలకు దగ్గరగా, నీరు నిలువకుండ వాలుగా కోసినచో చిగుళ్లు బలముగా వచ్చును. రెండవ ఏట వానిలో ఒకటి, రెండు మంచివి ఉంచి మిగిలినవి తీసివేయవలెను. ఒకసారి నాటిన తోట ఈ విధముగా రెండవ తరమునకును ఉండును.

నిప్పు, మేత

కొండవార తోటకు దొంగకంటె ముందు వచ్చు శత్రువు నిప్పు. ఫిబ్రవరి నుండి మే వరకు గడ్డి ఎండి యుండును. ఒక బీడీ ముక్క, చేని గట్టున కాల్చిన చెత్త, క్రొత్త గడ్డి వచ్చునని పెట్టిన అగ్గి, ఇరువది ఏండ్ల తోటను ఒక పూటలో మాడ్చును. సంక్రాంతి దాటగానే తోట చుట్టును పదడుగుల వెడల్పున గడ్డి చెక్కి శుభ్రము చేయవలెను. ఎకరములు ఎక్కువగా ఉన్నచో నడుమ కూడ అట్టి బాటలు తీయవలెను. చెక్కిన గడ్డిని అచ్చటనే కాల్చవద్దు. పశువుల దొడ్డికో ఎరువు గుంటకో చేర్చుడు. రాలిన ఆకును చెట్ల మొదట ఉండనీయుడు. అదియే ఎరువు, అదియే తేమ.

మొదటి అయిదేండ్లు మేకలను తోటలోనికి రానీయరాదు. గోరింట, కిత్తనార వంటివి గట్టున నాటినచో తక్కువ ఖర్చుతో ప్రాణమున్న కంచె ఏర్పడును. మేకల కాపరులతో తగవు పెట్టుకొనుటకంటె, తోటలోని గడ్డిని కోసికొనిపొమ్మని చెప్పుట మంచిది. గడ్డి పోవును, నిప్పు భయము తగ్గును, కాపరి మీ తోటకు కావలియగును.

చిట్టా వ్రాయు విధము

గట్టి అట్టగల నోటుపుస్తకమొకటి చాలును. మొదటి పుటలో గ్రామము, సర్వే నంబరు, విస్తీర్ణము, నాలుగు హద్దులు వ్రాయుడు. పట్టాదారు పాసు పుస్తకము, 1-బి, అడంగల్ నకళ్లు, మొక్కలు కొన్న రసీదు దానికి జతపరచుడు. తరువాతి పుటలలో ఈ క్రింది విషయములు ఉండవలెను.

1. నాటిన తేది, జాతి, సంఖ్య. చచ్చిన మొక్కల లెక్క, తిరిగి నాటిన లెక్క.

2. అయిదవ ఏటి నుండి ప్రతి చెట్టుకు ఒక నంబరు. రంగుతో మొదట వ్రాయవచ్చును. మేకులు కొట్టరాదు.

3. రెండేండ్లకొకసారి నేల నుండి నాలుగున్నర అడుగుల (1.37 మీటర్ల) ఎత్తున చుట్టుకొలత. ఎల్లప్పుడు అదే ఎత్తున కొలవవలెను.

4. మీ భూమిలో తానుగా మొలచిన ఎర్రచందనము చెట్లున్నచో వాని లెక్క వేరుగా. నాటిన దానికి, సహజముగా పుట్టిన దానికి ఎగుమతి నిబంధనలు వేరు. రెండింటిని కలిపి వ్రాసిన చిట్టా రెండింటిని అనుమానములో పెట్టును.

5. అడంగల్‌లో ఈ చెట్లు నమోదైనవా, లేవా అను సంగతి. కానిచో గ్రామ రెవెన్యూ అధికారికి వ్రాతమూలముగా అర్జీ ఇచ్చి, ఆ నకలు.

డి.కె.టి. పట్టా భూములు గలవారు, ఉమ్మడి ఖాతాలో ఉన్నవారు, పంపకములు కాగితముపై జరుగనివారు మొక్క పెట్టకముందే తహశీల్దారు కార్యాలయములో తమ హక్కును స్పష్టము చేసికొనవలెను. ముప్పది ఏండ్ల తరువాత తగవు తీర్చుకొనుటకంటె ఈనాడు ఒకదినము తిరుగుట మేలు.

కొట్టుటకు ముందు

ఎర్రచందనము 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము క్రింద కఠినముగా కాపాడబడుచున్నది. 2016లో చేసిన సవరణ శిక్షలను మరింత పెంచినది. అనుమతి లేని దుంగతో పట్టుబడినచో వాహనము కూడ జప్తు కావచ్చును. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము క్రింద ఇతర చెట్లను కొట్టుటకు కూడ సాధారణముగా అనుమతి కావలెను. సరుగుడు, సుబాబుల్, జామాయిలు వంటి కొన్నిటికి మాత్రము సడలింపులు కలవు.

తోట కోతకు వచ్చినదని తోచినప్పుడు డివిజనల్ అటవీ అధికారికి అర్జీ పెట్టవలెను. భూమి హక్కు కాగితములు, చెట్ల లెక్క దానికి జతపరచవలెను. అధికారులు భూమిని, హద్దులను, చెట్లను తనిఖీ చేసి లెక్కించుదురు. అనుమతి వచ్చిన పిమ్మటనే కోత. కోసిన దుంగలను కొలిచి గుర్తు వేసిన పిమ్మటనే రవాణా పర్మిట్. ఈ పనికి నెలలు పట్టవచ్చును. కనుక కూతురి పెండ్లికో, అప్పు గడువుకో చెట్టును నమ్ముకొన్న రైతు చాల ముందుగా అర్జీ పెట్టవలెను. తొందరపడిన రైతే దళారి చేతిలో పడును.

కొందరు బేరగాండ్రు వచ్చి, కాగితములు మేము చూచుకొందుము, రాత్రికి బండి పంపెదము అందురు. అట్టివాడు ఇచ్చు ధర ఎంతయైనను అది చెట్టు ధర కాదు, మీ మెడకు కట్టు ఉరి ధర. వారు మీ దుంగతో అడవి దుంగను కలిపి నడిపించుటకు మీ పట్టా పేరును వాడుకొందురు. పట్టుబడిన దినమున కనిపించునది మీ పేరే. మీ తోటలో దొంగలు పడి చెట్టు కొట్టినచో మొదలును కదపక, ఆ దినమే పోలీసులకు, అటవీశాఖకు తెలిపి, ఇచ్చిన ఫిర్యాదు నకలు చిట్టాలో ఉంచుడు.

అమ్మకము, మార్కెటు

అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందము 1995 నుండి ఎర్రచందనమును తన రెండవ అనుబంధములో చేర్చి, దేశములు దాటు వ్యాపారముపై నియంత్రణ పెట్టినది. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘము దీనిని అపాయములో నున్న జాతిగా లెక్కించినది. అడవి చెట్టు ఎగుమతి నిషిద్ధము. కాని 2019లో భారత ప్రభుత్వము పట్టా భూములలో సాగుచేసిన ఎర్రచందనపు ఎగుమతికి షరతులతో వీలు కల్పించినది. 2023 నవంబరులో ఆ అంతర్జాతీయ ఒప్పందపు స్థాయీ సంఘము భారతదేశపు ఎర్రచందనమును తన ప్రత్యేక సమీక్ష నుండి తొలగించినది. సాగుచేయు రైతుకు ఇది మేలైన మార్పు. జీవవైవిధ్య చట్టము క్రింద వసూలైన లాభాంశములో నుండి 2025లో జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ మన రాష్ట్రములోని 198 మంది ఎర్రచందనపు రైతులకు పైకము విడుదల చేసినది.

ఈ మార్పులన్నిటికిని మూలము ఒకటే: సాగుచేసిన చెట్టు వేరు, అడవి చెట్టు వేరు అని చూపగలుగుట. దానిని చూపువాడు చిట్టాగల రైతు. నిబంధనలు ఎప్పటికప్పుడు మారుచుండును గనుక, బేరమునకు ముందు రేంజి కార్యాలయములో అప్పటి నిబంధనలను అడిగి తెలిసికొనవలెను.

గ్రామాధికారులకు మనవి

గ్రామ రెవెన్యూ అధికారి, వ్యవసాయ సహాయకుడు, బీటు అధికారి, ఈ ముగ్గురును ఏడాదికొకసారి ఒక్కచోట కూర్చుండి, గ్రామములోని చెట్ల తోటల లెక్కను సరిచూచుట మంచిది. రైతు చెట్లు నాటితినని చెప్పిన దినముననే అడంగల్‌లో ఎక్కించుటకు పట్టునది కొద్ది సమయము. ఎక్కింపనిచో ముప్పది ఏండ్ల తరువాత ఆ రైతు ఎన్ని కార్యాలయములు తిరుగవలసి వచ్చునో ఆలోచించుడు. చదువురాని రైతుకు అర్జీ వ్రాసిపెట్టుట, చిట్టా మొదటి పుట నింపిపెట్టుట కూడ మీ సేవలోనిదే. అక్రమమును అరికట్టుటకు సక్రమమును సులభము చేయుటను మించిన ఉపాయము లేదు.

ఏడాది పనులు

జనవరి, ఫిబ్రవరి: నిప్పుబాటలు చెక్కుట, ప్రక్క కొమ్మలు తీయుట. ఫిబ్రవరి, మార్చి: కాయలు సేకరించి నారు పోయుట. ఏప్రిల్, మే: గుంతలు త్రవ్వుట, లేతమొక్కలకు నీరు, నిప్పు కావలి. జూన్ నుండి అక్టోబరు వరకు: వాననుబట్టి నాటుట, చచ్చినచోట తిరిగి నాటుట, కలుపు తీయుట. నవంబరు: వానల చివర మొదళ్ల చుట్టును త్రవ్వి ఆకు కప్పుట. డిసెంబరు: చెట్లు లెక్కించి, కొలిచి, చిట్టాలో వ్రాసి, అడంగల్ నకలు తీసికొనుట.

దొంగతనము మాని రామునికి గుడి కట్టించిన ఒంటడు, మిట్టడు అను వారి పేర ఒంటిమిట్ట వెలసినదని పెద్దలు చెప్పుదురు. ఈ కొండల చెట్టును దొంగిలించువారు ఈనాడును ఉన్నారు. వారికి ఎదురుగా నిలుచునది అటవీశాఖ తుపాకి ఒక్కటియే కాదు. పగటి వెలుగులో నాటి, లెక్క వ్రాసి, అనుమతితో కోసి, మంచి ధరకు అమ్ముకొను రైతు కూడ. అట్టి రైతులు ఊరూర పెరిగినకొలది అడవి చెట్టు మీద పడు గొడ్డలి తగ్గును. ఇదివరకే చెట్లున్నవారు ఈ వారములోనే పుస్తకమొకటి తీసికొని, తోటలోనికి పోయి, మొదటి చెట్టు చుట్టుకొలత వ్రాయుడు. ఇంకను నాటనివారు మొక్కతో పాటు రసీదు ఇంటికి తెచ్చుకొనుడు.